నాన్న అన్న మాట

డాక్టరమ్మగారికి నమస్కారం.

సోమవారం మీ గదిలో జరిగినదానికి మీ ఎదుటికొచ్చి తలెత్తుకోలేక ఇలా రాస్తున్నాను.

పక్షవాతంతో మాట పడిపోకముందు మా నాన్న వీధికుక్కను కూడా "రండి" అని పిలిచే మనిషి. మాట తెప్పించడానికి మెదడుకు సన్నగా కరెంటు పెట్టే మీ ప్రయోగంలో, తలకు తడి స్పాంజీలు కట్టించుకుని కూర్చున్న ఆయన, మీరు కప్పు బొమ్మ చూపించి "ఇదేమిటండీ?" అన్నందుకు మిమ్మల్ని అమ్మనాబూతులు తిడతారని నేను కలలో కూడా అనుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. గభాలున లేచి ఆయన నోరు నొక్కేశాను.

మీరేమో చప్పట్లు కొట్టారు. "వదలండమ్మా, మాటొచ్చింది! కొందరికి ముందు తిట్లే వస్తాయి" అన్నారు. నాన్న నా వంక అదోలా చూశారు.

ఏడాదిగా "ఒక్క మాట అను నాన్నా" అని కాళ్ళావేళ్ళా పడ్డది నేనే. తీరా వచ్చిన మాటను నొక్కేసిందీ నేనే. ఆ రోజునుంచీ ఆయన పెదవి విప్పలేదు. నేను దగ్గరికెళ్తే తన చేత్తో తనే నోరు మూసుకుంటున్నారు.

ఈసారి తమ్ముడు తీసుకొస్తాడు. నేను గుమ్మం బయటే కూర్చుంటాను. తలుపు మాత్రం పూర్తిగా వెయ్యకండి. ఆయన తిడితే నాకూ వినపడాలి.

ఇట్లు,
ఆయన కూతురు