గిమరాస్ నుంచి స్కాన్ చీటీలు

ఇలోయిలో,
ఆగస్టు 14, బుధవారం.

డాక్టర్ మరివెల్ గుంబాన్‌కు,

నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడ ఆసుపత్రి ఎమర్జెన్సీలో అందరం ఇంకా కాళ్ల మీద నిలబడే ఉన్నాం. అంతకన్నా బాగున్నామని రాస్తే అబద్ధమవుతుంది. ఇదివరకు నిన్ను ఇంటి ఆడపిల్లలా ‘ఇందాయ్’ అని పిలిచేవాణ్ణి. ఆ చనువు మిగిలిందో లేదో తెలియక పూర్తి పేరు రాశాను.

పని మీదే రాస్తున్నాను. నువ్వు మమ్మల్ని వదిలి గిమరాస్ దీవిలో ఆ క్లినిక్కులో చేరి నాలుగు నెలలైంది. ఇంతలో నీ చీటీలు పట్టుకుని ఇరవై ఆరుగురు పడవలో సముద్రం దాటి వచ్చారు. అన్నిటి మీదా ఒకటే మాట, సీటీ స్కాన్. నిన్న నాలుగేళ్ల పిల్లవాడు వచ్చాడు. బల్ల మీంచి పడి నుదుట బొప్పి కట్టింది. పడగానే ఏడ్చాడట. వాంతి లేదు, మగత లేదు. మా నర్సు చేతిలో బిస్కట్టు లాక్కుని వరండా అంతా పరిగెత్తాడు. వాళ్లమ్మ చేపల అమ్మకం మానుకుని వచ్చింది. డాక్టరమ్మ ముఖం చూసి నాకూ భయమేసింది డాక్, అంది. సాయంత్రం దాకా కనిపెట్టి చూసి, స్కాన్ తీయకుండానే పంపేశాను. పసివాడికి ఊరికే అంత రేడియేషన్ ఎందుకమ్మా?

ఇక్కడి కొత్త డాక్టర్లూ తక్కువేం కాదు. మీ పిల్లలు రోగి పేరైనా అడక్కుండా స్కాన్ రాసేస్తున్నారు, ఆ మిషనేదో గేటు దగ్గరే పెట్టించండి డాక్, అని స్కాన్ గది పెద్దాయన మానోంగ్ ఎలియో రోజూ దెప్పుతున్నాడు. వాళ్లకు ఒకటే చెబుతున్నాను. ముందు చేత్తో తడిమి చూడండి, ఏ జబ్బని అనుమానమో చెప్పండి, దాన్ని ఏ పరీక్ష పట్టిస్తుందో తర్వాత ఆలోచించండి అని. చెప్పీ చెప్పీ గొంతు పోయింది.

నీ భయం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. మార్చిలో జీప్నీ బండి మెట్టు జారి, మెడనొప్పంటూ వచ్చిన డెబ్బై రెండేళ్ల క్రిస్పులో తాత. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదని ఇంటికి పంపావు. మర్నాటికి చేతులు పడిపోయాయి. అప్పుడు సీటీ తీస్తే మెడ ఎముక విరిగి ఉంది. ఆ వయసు వాళ్లకు ఎక్స్‌రే చాలదని తెలిసి ఉండాల్సిందని విచారణలో నీ పేరే రాశారు. నువ్వు తల వంచుకుని వెళ్లిపోయావు.

ఆపరేషన్ అయ్యాక తాత కోలుకుంటున్నాడు. చెంచా పట్టుకుంటున్నాడు, గుండీలు మాత్రం పెట్టుకోలేడు. ఆ సన్నపాటి డాక్టరమ్మ ఏదీ, నా కాలికి చెప్పులు తనే తొడిగింది, అని మొన్న అడిగాడు. ఏం చెప్పను?

అలసటతో,
తియోదుల్ఫో పల్మారెస్

తా.క.: ఇందాయ్, పై ఉత్తరమంతా నీకు పాఠం చెబుతున్నట్టే రాశాను. సిగ్గేసింది. ఆ రోజు నువ్వు నాకు ఫోన్ చేశావు. పెద్ద వయసాయన, డాక్, మెడకు సీటీ తీయిద్దామా అని రెండుసార్లు అడిగావు. తొమ్మిది మంది వరసలో ఉన్నారు, ప్రతిదానికీ సీటీయేనా, ఎక్స్‌రే తీసి పంపించెయ్, అని విసుక్కున్నది నేను. విచారణలో నువ్వు నా పేరు చెప్పలేదు. నేనూ నోరు విప్పలేదు. ఈ ఉదయం జరిగింది జరిగినట్టు రాసి, సంతకం చేసి, విచారణ సంఘానికి ఇచ్చాను. నకలు ఇందులోనే ఉంది. తాత దగ్గరికి రేపు వెళ్తున్నాను. ఆయనకు కూడా నా నోటితో చెప్పాలి.