మత్తడి మీద పంతం

1936 జూలై 5, ఆదివారం

నేను చెబుతున్నాను, కోడలు శాంతమ్మ రాస్తున్నది. నేను "పోయిన" అంటే అది "పోయాను" అని రాస్తుంది. మిషను బడి చదువు... రాసుకోనీ. సంగతి మారకపోతే చాలు.

సంగతి ఇది. మా ఇంటిది నీరడి పని. చెరువు తూము తీసి, కాలువ వెంట నడిచి, మడి మడికీ నీళ్ళు పంచాలి. అందుకు ఊరు ఇచ్చిన మాన్యం ఒక్క మడి. మామ చేశాడు, పెనిమిటి చేశాడు, ఆయన పోయాక నేనూ నా కొడుకు యోహానూ చేస్తున్నాము. బాప్తిస్మం తీసుకున్నాక తూము దగ్గర కట్ట మైసమ్మకు మేకపోతును కోయడం మానేశాము. ప్రార్థన చేసి తీస్తున్నాము. అయిదేళ్ళు ఎవరూ నోరు మెదపలేదు. పోయిన ఏడు చెరువు సగమే నిండింది — ఇక పాపమంతా నా నెత్తిన పడింది. మా ఊరి పటేలు పోయి ఎల్లారెడ్డిలోని తహసీలు కచేరిలో అర్జీ పెట్టాడు. మేకపోతును కొయ్యని నీరడి వద్దట. పనీ మాన్యమూ మా మరిది కొడుకు సాయిలుకు ఇయ్యాలట.

మాట తడబడకుండా జరిగింది జరిగినట్టు రాయించి పెట్టుకొమ్మని అయ్యగారు అన్నారు. కామారెడ్డి నుంచి నెలకోసారి వచ్చే మా పాస్టరు. అందుకే ఈ పుస్తకం.

నిన్నటిది కూడా రాయాలి. చావడిలో పటేలు — "పోశవ్వా, నీ కొత్త దేవుడు చెరువు నింపుతడా ఏంది?" రూతమ్మ అని పేరు మారి ఆరేళ్ళయింది, ఆయన నోటికి ఇంకా పోశవ్వనే. నాకు మండింది. నలుగురిలో నిలబడి అనేశాను — "మీ మేకపోతు లేకుండనే ఈ ఏడు చెరువు నింపి, నీళ్ళు పొర్లి మత్తడి దుంకెటట్టు చేస్తడు నా ప్రభువు. దుంకకపోతే నీరడితనం నేనే ఇడిచిపెడ్త!"

పటేలు నవ్వాడు. "అందరు విన్నరు గదా."

విననీ.

జూలై 7

వాన లేదు. మబ్బు తాడ్వాయి దిక్కు పోయింది.

జూలై 12, ఆదివారం

అయ్యగారు వచ్చారు. పంతం సంగతి ఎవరో చెవిన వేసినట్టున్నారు. ప్రార్థన అయ్యాక నన్ను పక్కకు పిలిచి — "రూతమ్మా, ప్రభువును అడిగి పంతం వేసినవా? అడగకుండనే వేసినవా?"

అడగలేదు. అడిగేంత తీరిక ఎక్కడిది, కోపం వచ్చినప్పుడు.

"ఆయన నీకు దారి చూపెడతనన్నడు. నువ్వు చెప్పిన దారికి వస్తనన్నడా?"

మజ్జిగ ఇచ్చాను, ఉప్పు వేయకుండా. తాగి, బాగుందన్నారు. అందుకు ఇంకా మండింది.

జూలై 20

వాన. మూడు రోజులుగా. ఇంటి వెనుక గోడ జారింది — జారనీ.

జూలై 24

రోజూ పొద్దున్నే కట్ట మీదికి పోయి మత్తడి రాయి చూస్తున్నాను. నీళ్ళు నాలుగు మూరలు తక్కువ. నిన్నటికి ఐదు. ఊళ్ళోకి మెడ నిలబెట్టుకొని వస్తున్నాను. పటేలు ఎదురైతే నేనే ముందు దండం పెట్టాను. కావాలనే.

జూలై 29

చాంద్‌మియా కట్ట మీద కనబడ్డాడు. కాలువ ఆఖరు మడి ఆయనది. మంచివాడు, ఉర్దూ కాగితం వస్తే చదివి పెడతాడు. దూరం నుంచే నవ్వుతూ — "ఏం రూతవ్వా, నీ దేవుడు గెలుస్తున్నట్టున్నడు?"

నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి గడప మీద కూర్చుంటే నవ్వు పోయింది. పందెం కోడి సంగతి అడిగినట్టే అడిగాడు. ఆయన తప్పేముంది... కోడి కాలికి కత్తి కట్టి బరిలో వదిలింది నేను. నా ప్రభువును.

అన్నం సహించలేదు.

ఆగస్టు 3

తహసీలు తీర్పు వచ్చేదాకా తూము సాయిలు తీయాలని పటేలు చెప్పాడు. ఈ రోజు తీశారు. మేకపోతు, డప్పు, ఊరంతా. నేను ఇంట్లోనే ఉన్నాను. కాసేపటికి డప్పు ఆగింది. మళ్ళీ మోగలేదు.

సాయిలే పరుగెత్తుకొచ్చాడు, ఒళ్ళంతా తడి. "పెద్దమ్మా, మూత వస్తలేదే. మూడుసార్లు మునిగిన. ఊపిరి ఆగుతలేదు."

తూము మూత బలంతో రాదు. లోపలికి దిగి, ఎడమకు ఒక తిప్పు తిప్పి, నీళ్ళు కాస్త చప్పుడు చేశాక లేపాలి. మా ఇంటి మగవాళ్ళకు మామ నేర్పిన కిటుకు. సాయిలు చిన్నగా ఉన్నప్పుడే వాడి తండ్రి పోయాడు, వాడికి నేర్పేవాళ్ళు లేకపోయారు.

నాకెందుకు అనబోయాను. నోటి దాకా వచ్చింది. నారుమళ్ళు ఎండుతున్నాయి. యోహానును పంపాను. ఒక్క మునకకే లేపాడట. ఊరు చప్పట్లు కొట్టిందట, సాయిలు వాడిని ఎత్తుకున్నాడట.

"అవ్వా, గీ పని మందికి ఇస్తున్నం" అన్నాడు యోహాను, తల తుడుచుకుంటూ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నీళ్ళలో మునిగినందుకేనేమో.

ఆగస్టు 5

సాయిలు నీళ్ళు పై మడులకు ముందు కట్టాడు. తూము పక్కన ఉన్నవి ఎవరివి? పటేలువి.

మా ఇంట్లో తడి అట్లా కట్టరు. మొదటి నీళ్ళు కాలువ ఆఖరు మడికి. అక్కడి నుంచి ఒక్కొక్క మడీ పైకి. అందరిదీ అయ్యాక నీరడి మాన్యం. పైవాడు ముందు తాగితే కిందివాడికి బురదే మిగులుతుంది.

చాంద్‌మియా వచ్చి గడపలో నిలబడ్డాడు. ఈసారి నవ్వలేదు. "నారు పసుపు పచ్చగయితున్నది, అవ్వా."

ఆగస్టు 6

నీళ్ళు కిందికి మళ్ళిద్దామని పార తీసుకొని బయలుదేరాను. వంతెన దాకా పోయాను కూడా. శాంతమ్మ వెనుక నుంచి వచ్చి పార పట్టుకుంది. "అత్తా, తీర్పు గాకముందే గండి కొడితే పటేలుకు ఇంకో అర్జీ దొరుకుతది." చదువుకున్న పిల్ల. నిజమే చెప్పింది. ఇంటి దాకా దాన్ని తిడుతూనే వచ్చాను. ఇది కూడా రాయి అన్నాను, రాసింది.

చాంద్‌మియాకు చెప్పాను — ఆఖరు మడుల వాళ్ళు నలుగురూ పోయి సాయిలునే అడగండి, వాడు చెడ్డవాడు కాడు, తెలియనివాడు. ఎట్లా కట్టాలో నేను చెబుతానని కూడా చెప్పండి.

సాయంత్రం సాయిలు వచ్చాడు. చెప్పాను.

ఆగస్టు 9, ఆదివారం

ప్రార్థనలో మనసు నిలిచింది, చాలా రోజులకు.

తీర్పు మాకు ఎదురైతే ఏమిటన్నది ఇంట్లో రోజూ ఉన్న మాటే. "కామారెడ్డి పోదాం, రైలు కట్ట మీద కూలి దొరుకుతది" అంటాడు యోహాను. శాంతమ్మకు ఇప్పుడు అయిదో నెల. నేను అన్నీ ముందే తేల్చుకోవాలని కొట్టుకుంటున్నాను. ఎక్కడ ఉంటాము, ఏం తింటాము, పుట్టేది ఏ ఊళ్ళో పుడుతుంది.

ఈ రోజు మోకాళ్ళ మీద ఉండగా కాలువ గుర్తుకు వచ్చింది. తూము తీసినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా పోతాయో నాకు కనబడుతుందా? కనబడదు. నీళ్ళ పక్కన నడుస్తాను. ఆగిన చోట ఆగుతాను, గడ్డి అడ్డం పడితే తీస్తాను, మళ్ళీ నడుస్తాను. ముందు పరుగెత్తిన నీరడి ఎండు కాలువలో నిలబడతాడు, అంతే. ఇన్నేళ్ళు ఈ పని చేసి, ప్రభువు దగ్గరికి వచ్చేసరికి ముందు పరుగెత్తాను.

పంతం వెనక్కి తీసుకోవాలి. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే.

ఆగస్టు 10

యోహాను అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "రెండు జానలే తక్కువున్నదే అవ్వా! గెలిచేటప్పుడు ఎవరన్న ఇడిచిపెడ్తరా?"

గెలిచేటప్పుడే విడవాలి. ఓడేటప్పుడు విడిస్తే భయమంటారు.

ఆగస్టు 11

చావడికి పోయాను. అన్నాను — "చెరువు మీద నేనేసిన పంతం తప్పు. దేవుణ్ణి పందెంల వెట్టిన. నిండినా ఆయన దేవుడే, నిండకున్నా ఆయన దేవుడే. నా పంతం తీసేసుకుంటున్న. తహసీలు ఏమంటే అది."

పటేలు బీడీ ఆర్పి — "నిండెటట్టున్నది గదనే. గిప్పుడెందుకు?"

"అందుకే పటేలా."

వచ్చేస్తుంటే వెనుక నుంచి పటేలే — "మత్తడి దిక్కు పైలం, రూతవ్వా. కట్ట జారుతున్నది."

రూతవ్వ అన్నాడు.

ఆగస్టు 12

రెండు పూటలా తిన్నాను. మామిడికాయ తొక్కుతో.

సెప్టెంబరు 1

ఎల్లారెడ్డి పోయి వచ్చాము. బండి ఎక్కిన దగ్గర నుంచి శాంతమ్మ ఈ పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. అక్కడ ఎవరూ అడగనే లేదు.

తహసీల్దారు ఉర్దూలో అడుగుతాడు, గుమాస్తా తెలుగులో చెబుతాడు. పెద్దమనిషి, గట్టిగా మాట్లాడడు. మొదటి ప్రశ్నే అది — "చెరువు నిండుతదని పంతం వేసినవంట?"

"వేసిన దొరా. తప్పయింది, తీసేసుకున్న. వాన దెచ్చుడు నీరడి పని గాదు. వచ్చిన నీళ్ళు పంచుడు నీరడి పని. అది అడుగుండ్రి, చెప్త."

గుమాస్తా అది ఉర్దూలోకి మార్చేటప్పుడు తహసీల్దారు రాయడం ఆపి తల ఎత్తాడు. అడిగాడు. చెప్పాను — ఏ మడికి ఎప్పుడు, ఎంతసేపు, ఎవరి గట్టు ఎక్కడ. నా మడి ఎప్పుడు తడుస్తుందని అడిగాడు. "అందరిదయినంక."

సాయిలును కూడా పిలిచారు. మేకపోతు ఎవరు కోశారు? నేనే. మూత ఎవరు లేపారు? వాడు గట్టిగానే అన్నాడు — "యోహానన్న. నీళ్ళు కట్టుడు గూడ పెద్దమ్మ జెప్పినంకనే వచ్చింది." పటేలు పక్కన నిలబడి ఉండగానే అన్నాడు. వచ్చేటప్పుడు మా బండిలోనే కూర్చోబెట్టుకున్నాను. అటుకులు పెట్టాను.

తీర్పు పద్నాలుగున.

సెప్టెంబరు 6, ఆదివారం

ఏమవుతుందోనని అయ్యగారు అడిగారు. తెలియదన్నాను. "భయమున్నదా?" ఉన్నది. "మరి?" ఉండనీ, నడవడానికి అడ్డం రావడం లేదు అన్నాను.

మజ్జిగలో ఉప్పు వేశాను.

సెప్టెంబరు 12

వాన. మత్తడి రాయికి నీళ్ళు నాలుగు వేళ్ళు తక్కువని పిల్లలు చెప్పుకుంటూ పోతున్నారు. నేను చూడలేదు.

సెప్టెంబరు 14, సోమవారం

తెల్లవారింది. యోహాను ఎద్దులను కడుతున్నాడు. మత్తడి దిక్కు నుంచి జనం కేకలు వినబడుతున్నాయి. దుంకిందనో, కట్ట జారిందనో... ఇక్కడికి మాట తెలియడం లేదు. శాంతమ్మ రాస్తూ రాస్తూ అటే తల తిప్పుతున్నది. ముందు ఇది రాయి అన్నాను.

పోయి చూసి వస్తానని యోహాను అన్నాడు. వద్దు, ఎల్లారెడ్డి దారి ఇటు.

బండిలో నా పార పెట్టమన్నాను. "కచేరికి పార ఎందుకే అవ్వా?"

వచ్చేటప్పుడు కాలువ మీది నుంచే కదా వచ్చేది. ఆఖరు మడికి నీళ్ళు అందాయో లేదో చూడాలి. నీరడిగా కాకపోతే, పొరుగు మనిషిగా చూస్తాను.

బండి కదిలేటట్టున్నది. ఇంక చాలు, మూసెయ్.