కిటికీ దగ్గర చలి

గ్రోవిక్, అక్టోబరు

ప్రియమైన ఉల్లా,

ఫోన్ ఎత్తడం లేదని అలగకు. నా టేబుల్ మీద ఉన్నది ఒక్కటే లైను. ఎవరో ఒకావిడ ఎక్కడినుంచో వణుకుతూ చేస్తుంది, ఆవిడ కోసం అది ఖాళీగా ఉండాలి. నీకు ఉత్తరమే గతి.

మున్సిపాలిటీ వాళ్లు మాకిచ్చే సాయంలో సగం కోసేశారు. ఆ పెద్దమనిషి నా మొహం చూడకుండా, కాఫీలో చెంచా తిప్పుకుంటూ చెప్పాడు. ఇలాగే ఉంటే వసంతానికల్లా మా ఆశ్రయం మూసెయ్యాలి. ఇప్పుడు ఇంటినిండా దెబ్బలకి తాళలేక పారిపోయొచ్చిన ఆడవాళ్లు, పిల్లలు. సముద్రంవైపు గదిలోకి కొత్తగా ఒకావిడ వచ్చింది. లీవా అందాం, అసలు పేరు నీక్కూడా చెప్పను. ఆవిడ కూతురు చిన్న పిల్ల, బడికి కూడా వెళ్లే వయసు కాదు. వచ్చిన రోజునుంచీ బూట్లు విప్పకుండానే పడుకుంటోంది.

వేసవిలో నువ్వేదో చెప్పావు కదా, నెట్‌లో వెతికిపెట్టే పెద్ద కంపెనీ మాలాంటి సంఘాలకి ప్రకటనలు ఊరికే వేసిపెడుతుందని. అప్పుడు నవ్వాను. ఇప్పుడు అడుగుతున్నాను. కానీ ఉల్లా, మా ఆశ్రయం ఎక్కడుందో బెర్టిల్‌కే తెలీదు. కట్టుకున్న మొగుడు, ఇన్నేళ్లుగా నన్ను బస్‌స్టాప్‌లో దింపి వెనక్కి చూడకుండా వెళ్లిపోతున్నాడు. అలాంటి చోటికి ప్రకటనేమిటే? దాక్కున్నవాళ్ల మెడలో గంట కట్టినట్టు కాదూ?

నీ అక్క,
మార్గిత్


స్టాక్‌హోమ్, అక్టోబరు

నా మొండి అక్కకి,

నెట్‌లో ప్రకటనలు రాసి చలికాలం బూట్లమ్ముకునే దాన్నని ఏడిపిస్తావుగా, చివరికి ఆ బూట్ల దానితోనే పని పడిందన్నమాట. సంతోషం.

విను. వాళ్లు డబ్బు చేతికివ్వరు. ఎవరైనా ఓ మాట టైపు చేసి వెతికితే, వచ్చిన వాటి పైన మన రెండు లైన్లు కనిపిస్తాయి, అంతే. ఏ మాటలకి కనిపించాలో చెప్పాల్సింది మనం. మన పనికి సంబంధం లేని ప్రకటన వెయ్యకూడదు. చూసినవాళ్లలో తగినంతమంది నొక్కకపోతే ఖాతా ఆపేస్తారు. గంట నీ ఇంటికి కట్టడం లేదక్కా, ఫోన్ నంబరుకి కడుతున్నాను.

సాయం కావాల్సిన ఆడవాళ్ల కోసం కొన్ని ప్రకటనలు, ఇచ్చేవాళ్ల కోసం కొన్ని. ఇచ్చేవాళ్లకి వేరే పేజీ చేస్తాను. నెలనెలా చందా కట్టే వీలు, కింద ఓ మాట రాసుకునే పెట్టె. పైమూల ఒక బటన్ పెట్టాను, నొక్కితే చటుక్కున వాతావరణం పేజీ వచ్చేస్తుంది, వెనకనుంచి మొగుడొచ్చినా ఫరవాలేదు. అది చూసి నన్ను మెచ్చుకో.

ఒక్కటి మాత్రం కావాలి. ఫోటో. ఖాళీ పేజీకి ఎవరూ డబ్బివ్వరు.

నీ చెల్లెలు,
ఉల్లా


గ్రోవిక్, నవంబరు

ప్రియమైన ఉల్లా,

మెచ్చుకుంటున్నాను. రాసిపెట్టుకో, మళ్లీ మెచ్చుకోను.

నిన్న ఒకావిడ ఫోన్ చేసింది. "భర్త బయట తాళం వేసి వెళ్తే నేరమా అని నెట్‌లో టైపు చేశానండీ, మీ పేరొచ్చింది. నేరమేనా?" అంది. నేరమేనమ్మా అన్నాను. "నాకలాగే అనిపించింది" అని పెట్టేసింది. మళ్లీ చేస్తుంది. ఇలాంటివాళ్లు మళ్లీ చేస్తారు.

చందాలు మాత్రం రావట్లేదని నువ్వు సణుగుతున్నావు. సరే, వంటగది ఫోటోలు పంపుతున్నాను. మొహాల్లేవు, పేర్లు లేవు. గురువారం బఠాణీ సూపు పొయ్యిమీదుంది, కిటికీలోంచి ఎండ పడింది. మాకు ఇక్కడ ఎండ పడితే ఫోటో తియ్యాల్సిందే. బాగున్నదేదో నువ్వే చూసి పెట్టు.

మార్గిత్


స్టాక్‌హోమ్, డిసెంబరు

ప్రియమైన అక్కా,

ఆ కిటికీ ఫోటో పెట్టగానే పేజీకి ప్రాణం వచ్చింది. మాల్మో నుంచి ఒక పంతులమ్మ, లూలియో నుంచి మొత్తం ఒక చర్చి గాయకబృందం నెలనెలా ఇస్తామన్నారు. మున్సిపాలిటీ పెద్దమనిషిని ఇంకో చెంచా తిప్పుకోమను.

ఒకరు భలే ఉన్నారు. పేరుండాల్సిన చోట "ఒక నేస్తం" అని ఉంటుంది. గురువారం గురువారం కొంచెం ఇచ్చి ఓ మాట రాస్తారు. మొదటిసారి: "మీ వంటగది బాగుంది. ఆ కిటికీ దగ్గర చలి. తెర వెయ్యండి." ఎవరో బామ్మగారనుకున్నాను. తర్వాతి వారం: "తెర ఇంకా వెయ్యలేదు. సముద్రం గాలి మంచిది కాదు." మీకో తెర కొనిచ్చేస్తే ఈ గొడవ వదులుతుందేమో అని నవ్వుకున్నాను.

ఇప్పుడు రాస్తూంటే నవ్వు రావట్లేదు. పేజీ అంతా మళ్లీ చదివాను. సంఘం పేరులో తీరం ఉందంతే, ఇల్లు సముద్రం పక్కనని మనం ఎక్కడా రాయలేదు.

అక్కా, ఈ ఉత్తరం పంపబోతుండగా ఇంకోటి వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "చిన్నదానికి చెవిపోటు వస్తుంది. దయచేసి తెర వెయ్యండి."

మీ ఇంట్లో ఎవరికైనా చెవిపోటుందా?

ఉల్లా


గ్రోవిక్

ఉల్లా,

లీవా కూతురికి. ఫోటో తీసెయ్. ఇది చదివిన వెంటనే. పోస్టుకి ఆగలేక మెయిల్లో పంపుతున్నాను. కిటికీ మూలన పాత రేవు క్రేను తల కనిపిస్తోంది, ఇప్పుడు చూశాను. తీసింది నేను, పెట్టింది నువ్వు, తగువు తర్వాత పడదాం.

మార్గిత్


స్టాక్‌హోమ్

అక్కా,

తీసేశాను. నువ్వు రాసింది చదువుతూనే తీసేశాను. కానీ వెతికితే వచ్చే బొమ్మల్లో దాని నకలు ఇంకా కనిపిస్తోంది. చెరపమని అడిగాను, కొన్ని రోజులు పడుతుందట. ఆ డబ్బులు వచ్చింది ఉత్తరాన ఒక ఊరినుంచి. ఊరు పేరు కింద రాశాను, లీవాని అడుగు. బూట్ల ప్రకటన రాయబోయి "తెర వెయ్యండి" అని రాశాను.

ఏమైందో ఒక్క ముక్క రాయి.

ఉల్లా


గ్రోవిక్, డిసెంబరు

ప్రియమైన ఉల్లా,

ఊరు వాళ్లదే.

ఆ పేరు చెప్పగానే లీవా ఏడవలేదు, అరవలేదు. లేచి పిల్ల కోటు గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. పిల్ల అప్పటికే బూట్లతో ఉంది కదా. పొద్దున కాఫీ టైముకల్లా వేరే ఊళ్లో ఉన్న ఇంకో ఆశ్రయానికి బయల్దేరదీశాను. నా కారే, నేనే నడిపాను. అద్దంలో వెనకొచ్చే ప్రతి కారూ చూస్తూనే ఉన్నాను. ఎర్ర కారొకటి చాలాదూరం వెంటే వచ్చింది. పెట్రోలు బంకులోకి తిరిగితే అదీ తిరిగింది. దిగింది ఓ పెద్దాయన, కుక్కని నడిపించుకోడానికి.

మళ్లీ బయల్దేరాక లీవా అంది, "అది రాసింది అతను కాదు."

"నీకెలా తెలుసు?"

"పిల్లకి చెవిపోటని అతనికి తెలీదు. వాళ్ల నాన్నకి ఏడుపు పడదని ఏడవకుండా ఊరుకునేది. వెచ్చని నూనె వేసి, తెల్లారేదాకా ఒళ్లో పెట్టుకున్నది మా అత్తగారు."

కొంత దూరం పోయాక తనే మళ్లీ అడిగింది. "నేను వచ్చేశాను. అతని కోపం పోదు కదండీ. ఇప్పుడది ఎవరిమీద పడుతోంది?"

అక్కడ వాళ్లింట్లో కంప్యూటరు వంటగదిలోనే ఉంటుందట. తల్లికొచ్చే మెయిళ్లు, ఫోన్లు అన్నీ అతనే చూస్తాడట. మనం జవాబిస్తే అది అతని కంట్లో పడుతుంది. పోలీసుల్ని పంపుదామంటే, తలుపు తీసేది ఎవరో తెలిసిందే. అన్నీ బాగున్నాయండీ అంటాడు, వెనక నిలబడి ఆవిడా అదే అంటుంది. ఇలాంటి గుమ్మాలు నేను చూడనివా?

నువ్వేమైనా చెయ్యగలవా? తగువు సంగతి మర్చిపోయాను.

మార్గిత్


స్టాక్‌హోమ్, జనవరి

ప్రియమైన అక్కా,

జవాబు ఇవ్వకూడదన్నావు. ప్రకటన వెయ్యకూడదనలేదుగా.

ఆవిడ మన పేజీకి వచ్చినప్పుడల్లా మన సంఘం పేరు వెతికి, మన ప్రకటనే నొక్కి వస్తోంది. కాబట్టి ఆ ఒక్క ఊళ్లోనే కనిపించేలా రెండు లైన్లు వేశాను: "తెర వేశాం. చిన్నదానికి చలి లేదు." ఈసారీ ఆ పేరే టైపు చేస్తుందన్న ఖాయం లేదు కనుక చెవిపోటు, చలికాలం, కిటికీ తెరలు, ఏది వెతికినా వచ్చేట్టు పెట్టాను. ఊరంతా తలగోక్కుని ఉంటుంది.

గురువారం వచ్చింది. చందాతో పాటు ఒకే ఒక్క మాట: "అమ్మయ్య. ఇక రాయను."

ఇక రాయను! ఆ మాట చూసి నేను కూర్చోలేకపోయానక్కా. లీవా అడిగింది గుర్తొచ్చింది. వెంటనే రెండోది వేశాను: "ఇక్కడ పెద్దవాళ్లకీ చోటుంది. ఫోన్ చెయ్యండి." కింద నీ నంబరు.

ఈలోగా కంపెనీ వాళ్ల హెచ్చరిక వచ్చింది. ప్రకటన చూసినవాళ్లు ఎవరూ నొక్కట్లేదు, మాటలు సంఘం పనికి సంబంధం లేనివి, సరిచెయ్యకపోతే ఖాతా ఆపేస్తామని. వాళ్ల మాటా న్యాయమే. కానీ ఆపేస్తే ఆ తాళాలావిడలాంటి వాళ్లకి మన పేరు కనిపించదు, కొత్త చందాలూ రావు. నీ వసంతం గడువు నీకు తెలుసు. తియ్యమంటే తీసేస్తాను. ఎవరికోసం ఎవర్ని వదలాలో నేను తేల్చలేను. నువ్వే చెప్పు.

ఉల్లా


గ్రోవిక్, జనవరి

ఉల్లా,

ఉంచు. ఖాతా పోతే పోనీ, మళ్లీ అడుక్కుందాం. ఆవిడ మళ్లీ వెతుకుతుందన్న నమ్మకం లేదు, ఒక్కసారి వెతికితే కనబడాలి.

మార్గిత్


గ్రోవిక్, ఫిబ్రవరి

ప్రియమైన ఉల్లా,

ఇన్నాళ్లూ రాయలేదని తిట్టుకుని ఉంటావు. తిట్టు. ముందు చెడ్డది చెప్పేస్తాను.

లీవా మొగుడు వచ్చాడు. కిటికీ ఫోటో కాయితం మీద అచ్చువేసుకుని, రేవు ఒడ్డున మంచులో నిలబడి ఒక్కో ఇంటినీ, చేతిలో కాయితాన్నీ మార్చిమార్చి చూశాడు. నేను లోపల దీపం ఆర్పి ఆ కిటికీ పక్కనే నిలబడ్డాను. మొహం చూశాను. మామూలు మొహమే, మంచి టోపీ. ఎదురింటి ఆయన్ని నవ్వుతూ ఏదో అడిగాడు కూడా. దగ్గరికి రాకూడదని కోర్టు ఉత్తర్వు ఎప్పుడో ఉంది కాబట్టి నేను ఫోన్ చెయ్యగానే పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. అయినా ఈ ఇల్లిక పనికిరాదు, అందరం ఒక్కొక్కరుగా మారిపోతున్నాం. కొత్తిల్లు ఎక్కడో నిన్నూ బెర్టిల్‌నీ అడగొద్దు.

అతన్ని తీసుకెళ్లిన మర్నాడు ఫోన్ మోగింది. ముసలి గొంతు. "పెద్దవాళ్లకీ అని రాశారు. ఎంత పెద్దవాళ్లకి?"

మా కమిటీలో గొడవైంది. "వాడి తల్లినా? రేపు జాలిపడి వాడికి అడ్రసు చెప్పేస్తే?" అంది సిగ్ని. నాకూ ఆ భయం లేకపోలేదు. అందుకే మొదట కొత్తింటికి తీసుకురాలేదు, బస్టాండు కాఫీ కొట్లో కలిశాను. గెర్డా అందాం. చేతిసంచీ ఒళ్లోంచి దించలేదు. కాఫీ కప్పు ఎడమచేత్తో ఎత్తింది, కుడిచెయ్యి పైకి లేవట్లేదు.

పెళ్లి కాకముందు మన గ్రోవిక్ రేవులోనే చేపలు డబ్బాల్లో నింపేదట. లీవాని పట్టుకోడానికి నెట్‌లో ఆశ్రయాల బొమ్మలన్నీ తిరగేస్తూ వాడు మన ఫోటో చూపించి "ఈ క్రేను ఏ ఊరిది?" అని అడగ్గానే గుర్తుపట్టింది. తెలీదంది. అడిగినప్పుడల్లా తెలీదంది. ఆ చెయ్యి అందుకే అలా అయింది. చివరికి వాడే వెతుక్కున్నాడు. వాడు బొమ్మే చూశాడు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మన సంఘం పేరు ఆవిడే చూసి పెట్టుకుందట. చందా సంగతేమని వాడడిగితే సముద్రపక్షుల కోసం అందట. మన 'తీరం సంఘం' అన్న పేరు విని వాడు నమ్మేశాడు. అది చెప్పి కొంచెం నవ్వింది.

లీవాతో ఫోన్ కలిపాను. మాట్లాడతావా వద్దా నీ ఇష్టం అని ముందే చెప్పాను. లీవా, "అత్తయ్యా, భోంచేశారా?" అంది. గెర్డా ఫోన్ నాకిచ్చేసి మొహం తిప్పుకుంది.

ఇప్పుడు మా దగ్గరే ఉంది. సిగ్ని నిన్న తన ఉన్ని శాలువా తెచ్చి ఆవిడ భుజాన కప్పి వెళ్లింది. నువ్వన్నట్టే కంపెనీ వాళ్లు ఖాతా ఆపేశారు. క్షమించమని రాసి మళ్లీ అడుగు. చందాదారులెవరూ మానలేదు. ఫోటో లేకపోయినా ఇస్తున్నారు, వేసవి దాకా గడుస్తుంది.

ఇందాక ఆవిణ్ణి అడిగాను, "మాకు ఇంతకుముందే ఎందుకు ఫోన్ చెయ్యలేదమ్మా?" అని. కోడలు వెళ్లిపోయాక, నవంబరులో ఒకసారి వెతికిందట. "కొడుకు కొడితే ఎక్కడికి వెళ్లాలి" అని. ఏమీ రాలేదట. తప్పు రాశానేమో అనుకుని, మాటలు అటూ ఇటూ మార్చి కూడా చూసిందట. ఏమీ రాకపోయేసరికి, ఇలాంటి సాయం మొగుళ్లు కొట్టినవాళ్లకేనేమో, నాలాంటిదానికి కాదేమో అనుకుందట.

ఉల్లా, మనం భర్త అని పెట్టాం, ప్రియుడు అని పెట్టాం, తండ్రి అని కూడా పెట్టాం. కొడుకు అని పెట్టాలని నీకూ తోచలేదు, నాకూ తోచలేదు. ఖాతా తెరుచుకోగానే అన్నిటికంటే ముందు అది పెట్టు. ఎలా రాయాలో గెర్డా చెప్తానంటోంది. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది.

నీ మార్గిత్