నాయన మొహానికి రాతిపొడి

నంద్యాల హాస్టల్, మంగళవారం రాత్రి

ఒళ్లు మండిపోతోంది. బీటెక్ చివరి ఏడాది ఫీజుకని ఆన్‌లైన్‌లో అప్పు అడిగాను. ఆ సైట్‌లో మన ఫొటో, మన కథ చూసి ఎక్కడెక్కడి వాళ్లో తలా కొంత అప్పిస్తారు. ఆళ్లగడ్డలో నాయన తాను చెక్కిన అమ్మవారి విగ్రహం పక్కన నిలబడిన ఫొటో పంపాను. దరఖాస్తులు చూసే మేడం సాయంత్రం ఫోన్ చేసింది.

"ఇంత బాగా చెక్కేవాళ్లకు అప్పెందుకు అనుకుంటారమ్మా. మీ నాన్నను రాళ్ల కుప్ప ముందు కూర్చోబెట్టి, దుమ్ముతో ఉన్న ఫొటో పంపు. రాళ్లు కొట్టే కూలీ అని నేను రాస్తాను."

కూలీ అట! స్నానం చేయనిదే ఉలి పట్టని మనిషిని! తిరిగి నాలుగు మాటలు అనాల్సింది పోయి "సరే మేడం" అన్నాను. నా నోరు పడిపోను.

నాయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను, ఆ అప్పే వద్దన్నాను.

"అంత కోపమెందుకు పాపా? ఏమన్నా రాసుకోనీలే. నీ పరీక్ష ఆగగూడదు," అన్నాడు.

గంటకల్లా ఫొటో వచ్చింది. చేతిలో సుత్తి, వెనక రాతిముక్కలు. రాతిపొడి బుగ్గలకే ఉంది. మెడ, చెవులు, చొక్కా కాలర్ శుభ్రంగా ఉన్నాయి. స్నానం చేసి వచ్చి పూసుకున్నాడు.

రేపటిలోగా పంపకపోతే దరఖాస్తు తీసేస్తారట. పంపాలా? పంపితే ఆ మేడంకూ నాకూ తేడా...

ఫొటో కింద నాయన వాయిస్ మెసేజ్ కూడా ఉంది. "సూడు పాపా, సాలదంటే చెప్పు. ఇంగొంచెం పూసుకుంటా."