కళ్ళజోడు పెట్టెలోని చీటీ

మే 28, మధ్యాహ్నం

చిరంజీవి మిరియానికి,

అమ్మమ్మ ఆశీస్సులు. చిరంజీవి అని రాసి కాసేపు కలం ఆపాను. ముప్పై మూడేళ్ళు పిల్లలకు జీవశాస్త్రం చెప్పినదాన్ని, ఆ మాట ఎవరికీ వర్తించదని తెలుసు. అయినా కొట్టేయబుద్ధి కాలేదు, ఉండనీ. ఇక్కడందరం క్షేమం అని కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని మొహం చిట్లించకు. మీ తాతయ్యవి నలభై ఏళ్ళు లిఫ్టు మోటార్లలో అరుగుదల విన్న చెవులు. నేను వంటింట్లో గొంతు తగ్గిస్తే, ఆయన హాల్లో టీవీ తగ్గిస్తారు.

ఆయన చీటీల పిచ్చి నీకు తెలిసిందే. లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా ప్రతి ఉక్కుతాడుకీ, ప్రతి బ్రేకుకీ ఒక తేదీ రాసి అంటించిన మనిషి, రిటైరయ్యాక ఇంటిమీద పడ్డారు. ఇస్త్రీపెట్టె కింద ఒక తేదీ, ఫ్రిజ్ వెనక ఒక తేదీ. పిల్లి గిన్నె అడుగున పిల్లి తేదీ. దాని ప్రకారం పిల్లి పోయి రెండేళ్ళయింది. ఆ సంగతి దానికెవరూ చెప్పలేదు కాబట్టి ఇప్పుడే నా పాలు తాగి వెళ్ళింది. ఫ్రిజ్ చీటీ మీద ఏడేళ్ళ కిందటే పోయింది, ఇంట్లో మాత్రం మూలుగుతూ మంచు కడుతూనే ఉంది. పదేళ్ళు రాసిన మిక్సీ మూడో ఏటే కాలిపోయింది. ఇన్నాళ్ళూ నవ్వుకున్నాను.

పోయిన శుక్రవారంతో నవ్వు ఆగింది. ఆయన కళ్ళజోడు తుడుద్దామని పెట్టె తెరిస్తే మూత లోపల కొత్త చీటీ. వస్తువు పేరు లేదు. జూన్ 9 అని, కింద రెండు గీతలు. ప్రాణాలు వేలాడే తాళ్ళకు తప్ప ఆయన రెండు గీతలు గీయరు.

కళ్ళజోడు కొని నాలుగు నెలలే, దానిది కాదు. అప్పుడు తట్టింది. వాళ్ళ నాన్న డెబ్బై మూడు నిండకుండానే పోయారు, వాళ్ళన్నయ్యా అంతే. ఈయనకు జూన్ నెలాఖరుకు డెబ్బై మూడు నిండుతాయి.

అప్పట్నుంచి ఆయన ఏం చేసినా నాకు వేరేగా కనిపిస్తోంది. పళ్ళపేస్టు చిన్న ట్యూబు కొన్నారు. ఫ్యాన్ల కొట్టతను గ్యారంటీ ఇంకో రెండేళ్ళు పెంచుతానంటే, రెండేళ్ళ మాట ఇప్పుడెందుకులే బాబూ అన్నారట. సారు అలా ఉన్నారేంటమ్మా అని అతనే నన్నడిగాడు. నేను మధ్యాహ్నం కునుకు తీస్తే కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటున్నారు. నిన్న సగం కన్ను తెరిచి చూశాను. చేతిలో గడియారం పెట్టుకుని నన్నే చూస్తున్నారు. పెళ్ళయిన కొత్తలో కూడా అలా చూసిన గుర్తు లేదు. వెళ్ళిపోయేవాళ్ళు చూసే చూపది.

సైన్సు టీచరువి, చీటీకి భయపడతావా అంటావు. భయపడుతున్నాను. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగితే చాలు, తలుపు దగ్గరికి పోయి ఏమండీ, సబ్బుందా అని అడుగుతున్నాను. మొన్నా అడిగావు, నిన్నా అడిగావు, సబ్బెక్కడికి పోతుందే అని లోపల్నుంచి విసుక్కుంటారు. ఆ విసుగు వింటేగానీ నా కాళ్ళు కదలవు.

నువ్వు ఫ్యాక్టరీలో ఫ్రిజ్ తలుపుల్ని లక్షసార్లు తీయించి, మూయించి వాటి ఆయుష్షు తేల్చేదానివి. ఆ లెక్క తలుపులకే, మనుషులకు కాదని వచ్చి ఆయనకు చెప్పు. నేను చెబితే పాఠం అంటారు. జూన్ 8కల్లా ఇక్కడుండు. ఎందుకొచ్చావంటే పిల్లిని చూడ్డానికని చెప్పు.

నా ఛాతీలోని పేస్‌మేకర్ గురించి అడిగావు కదా. మార్చిలోనే చూపించుకున్నాను, భేషుగ్గా ఉందన్నారు. దాని గురించి నస పెట్టకు.

ఇట్లు,
ఉన్న ఒక్క తాతయ్యకూ కాపలా కాస్తున్న
నీ అమ్మమ్మ

తా.క. (29, ఉదయం): కవరు అంటిస్తుంటే తాతయ్య చూశారు. ఇక దాచలేక ఆ చీటీ ముందు పెట్టి, ఎవరి చావుకండీ ఈ తేదీ అని అడిగేశాను. లేచి వెళ్ళి నా నిఘంటువు తెచ్చి ఒళ్ళో పెట్టారు. మార్చిలో ఆస్పత్రి నుంచి వచ్చిన కవరు అందులో ఉంది. నేను చింపకుండా దాచిన కవరు. ఇప్పుడు చింపి ఉంది. పేపర్లో పదకేళి గళ్ళు నింపడానికి ఏదో మాట వెతుకుతుంటే దొరికిందట. పోయినేడు చేసిన పరీక్ష లెక్కన నా పేస్‌మేకర్ బ్యాటరీ అయిపోవచ్చింది, జూన్ 9 లోపు మార్చాలి అని ఉంది.

నిన్న నీకు రాసింది అబద్ధం. నేను ఆస్పత్రికి వెళ్ళలేదు. ఈ వయసులో మళ్ళీ కోస్తే లేవనేమోనని భయం. సాయంత్రం ఫోన్ చేసి చెబుతాను, కానీ కలంతో రాసిన తప్పును కలంతోనే దిద్దాలి.

మరి నాతో అనొచ్చు కదా అన్నాను. అంటే నువ్వు వెళ్ళనంటావు, ఆ మాట వినే ధైర్యం లేక రోజూ రేపు చెబుదాంలే అనుకున్నాను అన్నారు. చిన్న ట్యూబెందుకు కొన్నారంటే, నువ్వు లేకపోతే పెద్దది ఎవరికే అన్నారు. గడియారంతో లెక్కపెట్టింది నా ఊపిరినట.

నలభై ఆరేళ్ళు కాపురం చేసి నా చీటీ చదవడం రాలేదా నీకు, అది పోయే తేదీ కాదే, మార్చడానికి ఆఖరు తేదీ, తాడు తెగాక వచ్చి చూసేదానికి ఇన్‌స్పెక్టరెందుకు అన్నారు. ముప్పై మూడేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, ఆ చీటీ తీసుకుని మళ్ళీ మొదట్నుంచి చదివాను.

సోమవారం ఆస్పత్రిలో చేరుతున్నాను. నువ్వు ఎనిమిది దాకా ఆగకు. కొత్త బ్యాటరీ పదేళ్ళు వస్తుందట. తాతయ్య అప్పుడే చీటీ రాసేసి, రెండు గీతలూ గీసి, దాన్ని ఎక్కడ అంటించాలో తెలియక చేత్తో పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నారు.