నర్సింలన్నకు దొరికిన మాత్రలు

నువ్వు పోయి నేటికి ఏడాది. నీతో ఫ్యాక్టరీలో పనిచేసిన నర్సింలన్న ఇస్నాపూర్‌లో మనింటికి వచ్చాడు. మీ ఇద్దరికీ అరికాలి మీద నల్లమచ్చతోనే మొదలైంది, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అన్నారు. ఆయన గడ్డలో కనబడిన జన్యుమార్పుకు మాత్రలున్నాయి. నీ గడ్డలో ఆ మార్పు లేదు. రోగంతో పోరాడే కణాలు కూడా ఆయన గడ్డలోకే ఎక్కువగా చేరాయని డాక్టరు చెప్పాడు.

ఆయన చెప్పులు విప్పి లోపలికి నడిచొస్తుంటే ఆ కాళ్లను చూసి నాకు కుళ్లు పుట్టింది.

"నన్ను చూస్తే కోపమొస్తదా చెల్లె?" అని అడిగాడు.

"వస్తది అన్నా. నీ బదులు ఆయనుంటే బాగుండు అనిపిస్తది."

ఆయన తల వంచుకున్నాడు. "అనిపిస్తది మరి. అయినా వానికోసం రాకుండ ఉండలేకపోయిన."

అన్నం పెట్టాను. ఆయన కూర మళ్లీ అడిగి వేయించుకున్నాడు. నీ ఫోటో ముందు పెట్టిన విస్తరి పెట్టినట్టే ఉంది. వడ్డిస్తున్నంతసేపూ కుళ్లుకుంటూనే ఉన్నాను.