బట్టలకొట్టు కవరులో కాగితాలు

తూంకుంట

మా పూజకు బాపు దీవెనలు. ఇక్కడ నేను, మీ అమ్మ, రోజూ మన గోడ దూకే పక్కింటి మేకతో సహా అందరం క్షేమం. అక్కడ నిజామాబాద్‌లో నర్సింగ్ చదువు, హాస్టల్ తిండి నీకు పడుతున్నాయని తలుస్తాను.

నా అక్షరాలు వంకరగా ఉన్నాయని వెక్కిరించావు. ఎడమచేతికి అలవాటు కావాలంటే ఉత్తరాలు రాయమన్నది నువ్వే కదా, చదువుకో మరి. కుడిచేతికి రెండు వేళ్లు పోయిన చోట నొప్పి తగ్గింది. షోలాపూర్ దుప్పటి చిరిగింది, ఇంకోటి తెప్పించమన్నావు. ఆ సంగతి చివర రాస్తాను.

కేసు ఏమైందని అడిగావు. జీడిమెట్లలో నేను పనిచేసిన కంపెనీ రావలసిన నష్టపరిహారం ఇవ్వనంటోంది. పోయిన నెల వాళ్ల మేనేజరు సుధీర్ ఇంటికొచ్చి చేతి ఎక్స్‌రే అడిగాడు. నేను ఇంట్లో లేను. డాక్టర్ దగ్గరికి వెళ్తే పాత కాగితాలన్నీ తెమ్మంటారు కదా, ఆ అలవాటు కొద్దీ మీ అమ్మ గోడకు తగిలించిన బట్టలకొట్టు కవరు మొత్తం తీసి చేతిలో పెట్టింది. నీ టీకాల కార్డు నుంచి నా పాత చీటీల దాకా అన్నీ అందులోనే. అతను అన్నీ జిరాక్స్ తీసుకుని కవరు తిరిగి పంపాడు.

మొన్న నన్ను పిలిపించి అందులోంచి ఒక కాగితం చూపించాడు.

"గౌరయ్యా, గిది కేసుల పెడితే నువ్వు తాగి మిషన్ల చెయ్యి పెట్టినవంటరు. ఇచ్చింది తీస్కొని కేసు వాపస్ తీస్కో."

"మా బిడ్డకు తెల్వది సార్" అన్నాను. బెదిరించడానికి దారి నేనే చూపించాను చూడు.

"అయితే తెల్వకుంటనే ఉండనీ" అని నవ్వాడు.

మన వకీలు పార్వతీదేవి మేడమ్ విని మండిపడింది. "వేళ్లు తెగిన కేసుకు పన్నెండేండ్ల కింది కాయితం ఎందుకు? వేళ్లు తెగిన రోజు దవాఖాన రిపోర్టుల మందు తాగలేదని రాసి ఉంది. మీరు ఒప్పుకోకుండ వాడొద్దని కొట్లాడ్త. కానీ బయటికే రాదని మాట ఇయ్యలేను" అన్నది.

రెండు రోజులు కేసు వదిలేద్దామనే అనుకున్నాను. మీ అమ్మ "నా సేతులు ఇరగ, నేనే ఇస్తి గదా" అని అన్నం ముట్టలేదు. ఆమె తప్పేమీ లేదు. వాడకు తెలిస్తే నాలుగు రోజులు చెప్పుకుని మానేస్తారు. ఆలోచిస్తే నా భయమంతా నీ దగ్గరే అని తెలిసింది.

పూజా, నీకు ఎనిమిదేళ్లప్పుడు షోలాపూర్ మిల్లు పనికని చెప్పి వెళ్లిన ఆ నలభై రోజులు నేను అక్కడ లేను. తాగుడు మాన్పించే ఆస్పత్రిలో ఉన్నాను. సుధీర్ చూపించింది అక్కడి చీటీయే. ఆ దుప్పటి తిరిగి వచ్చేటప్పుడు మేడ్చల్ అంగట్లో కొన్నాను. నువ్వది కప్పుకుని "మా బాపు షోలాపూర్ కెళ్లి తెచ్చిండు" అని వాడంతా తిరిగావు. అప్పుడు సిగ్గేసి, తర్వాత ధైర్యం చాలక చెప్పలేదు. ఆనాటి నుంచి చుక్క ముట్టలేదు. కోపం వస్తే రానీ, ఈ మాట మాత్రం నమ్ము.

సోమవారం వాయిదా. సుధీర్ మళ్లీ ఆ కాగితం తీసి నీ పేరెత్తితే "మా బిడ్డకు ఎరుకే సార్" అనాలి. అది అబద్ధం కాకూడదని ఈ ఉత్తరం ఇవాళే స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. కొత్త దుప్పటి కూడా మేడ్చల్‌లోనే కొంటాను.

ఇట్లు,
ఎడమచేత్తో, నిజంగా,
మీ బాపు గౌరయ్య